మా ఊళ్లో ఫ్రెంచివాళ్లు

మా మేనకోడలు ఫ్రాన్సులో చదువుకుంటోంది. మొన్న ఫోటోలు పంపింది. ట్రామెక్కి ఒకచోట దిగడం, పాత వీధుల్లో నడవడం, మళ్లీ ట్రామెక్కడం. "అత్తా, ఎంత చరిత్రో!" అంది. నాకు నవ్వొచ్చింది. ఫ్రెంచివాళ్ల చరిత్ర చూడాలంటే అంత దూరం వెళ్లాలా? నా పుట్టిల్లు బొబ్బిలి, అత్తారిల్లు విజయనగరం మరి!

పెళ్లయిన కొత్తలో మా ఆడపడుచులు "బొబ్బిలి పిల్లతో జాగ్రత్త" అని ఆటపట్టించేవారు. నవ్వేదాన్ని కానీ ఎక్కడో చివుక్కుమనేది. పోయిన దసరా సెలవుల్లో మా పాపతో పుట్టింటినుంచి రైల్లో తిరిగొస్తుంటే, ఈసారి ఊరు చూపిద్దామనుకున్నాను.

స్టేషన్ దగ్గర వనంగుడిలో పైడితల్లమ్మకి దణ్ణం పెట్టుకుని, షేర్ ఆటోలో మూడు లాంతర్ల దగ్గర దిగాం. అక్కడ చదురుగుడి. అక్కణ్నుంచి నడక. గంటస్తంభం చూసుకుని కోట గుమ్మం చేరేసరికి పాప కాళ్లు నొప్పులంది. కోట అరుగు మీద కూర్చుని కథ మొదలుపెట్టాను.

ఈ కోటకి 1713లో పునాది వేశారు. 1753లో నిజాం సలాబత్ జంగ్, తన దగ్గరున్న ఫ్రెంచి సైన్యం జీతాల కోసం మన సర్కారు జిల్లాలు వాళ్లకి రాసిచ్చేశాడు. శ్రీకాకుళం సర్కారు కూడా అందులోదే. పన్నులు వసూలు చేసుకోడానికి బుస్సీ దొర వచ్చాడు. విజయనగరం పూసపాటి విజయరామరాజు ఆయనతో స్నేహం కట్టాడు. బొబ్బిలి రంగారావుతో ఈయనకి సరిహద్దు తగువులు, నీళ్ల తగువులు ముందునుంచీ ఉన్నాయి. ఇంటి తగువులోకి పైవాడి ఫిరంగులు వచ్చాయన్నమాట.

1757 జనవరి 24న బొబ్బిలి కోట మీద ఫిరంగులు పేలాయి. ఇక గెలవలేమని తెలిశాక, లోపలి మగవాళ్లు తమ ఆడవాళ్లనీ పిల్లల్నీ తామే చంపి, ఇళ్లకి నిప్పుపెట్టి, కత్తులు దూసి బయటికొచ్చారు. రంగారావు కొడుకు, పసివాడు ఒక్కడు దక్కాడు. మూడో రాత్రి తాండ్ర పాపారాయుడు డేరాలో దూరి విజయరామరాజుని పొడిచేశాడు.

తర్వాత గద్దెక్కిన ఆనందరాజు ఫ్రెంచివాళ్లతో తెగతెంపులు చేసుకుని ఇంగ్లీషువాళ్లని పిలిచాడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్లు ఓడిపోయారు. ఒకణ్ని పంపడానికి ఇంకొకణ్ని పిలిస్తే ఏమైందో మనకి తెలిసిందే.

చిన్నప్పుడు మా ఊళ్లో ఈ కథ చెప్పేవాళ్లంతా పౌరుషం దగ్గర గొంతు పెంచేవారు. ఆ ఇళ్లలో ఆడవాళ్లని ఎవరైనా "నీకేం కావాలి" అని అడిగారా అన్నది నాకు పెళ్లై, బిడ్డ పుట్టాకగానీ తట్టలేదు.

పాప అంతా విని, "అమ్మా, మనం ఎవరి వైపు?" అంది. నాకు మాట రాలేదు. దాన్ని పెద్దచెరువు గట్టుకి తీసుకెళ్లాను.

పైడితల్లమ్మ విజయరామరాజుకి చెల్లెలని చెబుతారు. యుద్ధం వద్దని అన్నని బతిమాలిందట. ఆయన వినలేదు. అన్న పోయాడని తెలిసి ఈ చెరువులోనే కలిసిపోయిందట. ఇది చరిత్ర పుస్తకాల్లో మాట కాదు, జనం నోటి మాట. కానీ ఏటా దసరా వెళ్లాక వచ్చే మంగళవారం, గుడికీ కోటకీ మధ్య సిరిమాను ముమ్మారు తిరుగుతుంది. లక్షలమంది వస్తారు. మా బొబ్బిలి నుంచీ వస్తారు. గెలిచిన రాజుకి కాదు, వద్దన్న ఆడపిల్లకి మొక్కుతారు.

"ఆవిడ వైపు" అన్నాను పాపతో.

ఇంటికెళ్లాక అది మా అత్తగారికి కథంతా ఒప్పజెప్పింది. ఆవిడ వింటూ వింటూ, "పాపం, ఆ తల్లులు" అన్నారు, మా బొబ్బిలివాళ్ల గురించే. ఇన్నేళ్లలో ఆవిడ నోట ఆ మాట వినడం అదే మొదలు.