రెన్ అండ్ మార్టిన్ - పాఠకుల తీర్పులు

తెలుగునాట మూడు నాలుగు తరాల చదువరుల చేతుల్లో నలిగి, అట్ట ఊడి, మళ్ళీ కుట్టించుకుని తమ్ముళ్ళకు చేరిన పుస్తకాల్లో ‘హైస్కూల్ ఇంగ్లీష్ గ్రామర్ అండ్ కాంపోజిషన్’ ఒకటి. ఆ పేరు చెప్పి ఎవరూ అడగరు. ‘రెన్ అండ్ మార్టిన్’ అంటేనే దుకాణదారు తీసిస్తాడు. మన సాహిత్య విమర్శ ఇలాంటి పుస్తకాల జోలికి పోదు. కాని పేరున్న నవలలకు కూడా దక్కనంతమంది పాఠకులు దీనికి దక్కారు. ఆ పాఠకులకు దీనిమీద గట్టి అభిప్రాయాలున్నాయి. ఆ అభిప్రాయాల వెనక ఒక చరిత్ర ఉంది.

1835లో మెకాలే కోరింది పాలకులకూ పాలితులకూ మధ్య నిలిచే ఒక దుబాసీ వర్గాన్ని. ఆ వర్గానికి వ్యాకరణం కావాలి. రెన్ కంటే ముందు ఆ అవసరం తీర్చినవాడు నెస్ఫీల్డ్. ఉత్తరాదిన విద్యాశాఖ పెద్దగా ఉన్న ఈయన 1885లో అక్కడి కులాలను వృత్తులవారీగా వర్గీకరిస్తూ ఒక గ్రంథం రాశాడు. మనుషుల్నీ మాటల్నీ ఒకే చేత్తో గళ్ళల్లో సర్దాడన్నమాట! తర్వాత వచ్చిన పి.సి. రెన్ కూడా ఇక్కడి విద్యాశాఖలో పనిచేసినవాడే. ఇంగ్లండులో ఆయన్ని 1924 నాటి ‘బో జెస్ట్’ నవలతో గుర్తుపెట్టుకుంటారు. మనకు ఆయన కర్తరి, కర్మణి వాక్యాల రెన్. 1930లలో మార్టిన్‌తో కలిసి తెచ్చిన ఈ వ్యాకరణాన్ని స్వాతంత్ర్యం వచ్చాక సవరించి నిలబెట్టింది ఎన్.డి.వి. ప్రసాదరావు. తెల్లదొరల పుస్తకానికి తెలుగుపేరు కాపలా కాసింది.

మెచ్చుకునేవాళ్ళ మాట ముందు విందాం. ‘లెక్కల పుస్తకంలా ఉంటుంది’ అన్నది వాళ్ళ పెద్ద ప్రశంస. సూత్రం, ఉదాహరణ, అభ్యాసం. ఇంట్లో ఇంగ్లీషు మాట వినబడని, బడిలో కూడా పాఠం చదివి అర్థం చెప్పడం తప్ప మరేమీ జరగని కుర్రవాడికి ఈ పుస్తకం ఒంటరిగా కుస్తీపట్టగల బరి. గుమాస్తా పరీక్షలకూ, బ్యాంకు పరీక్షలకూ, సర్వీసు కమిషన్ పరీక్షలకూ దీన్ని నమిలినవాళ్ళను వెక్కిరించడం కడుపు నిండినవాడి పని. తిట్టేవాళ్ళు 1958లో హైదరాబాదులో కేంద్ర ఆంగ్లభాషా సంస్థ వచ్చినప్పటినుంచీ బలపడ్డారు: సూత్రాలు వల్లిస్తే భాష రాదు, వాక్యరూపాలను వాడుకలో అలవాటు చెయ్యాలి అన్నారు. శాస్త్రరీత్యా అది సబబే. అయితే వాడుకే లేనిచోట అలవాటు ఎక్కణ్ణుంచి వస్తుందో చెప్పలేదు. కాన్వెంటు పిల్లవాడికి వ్యాకరణం అక్కర్లేదు. వాడి చుట్టూ భాష ఉంది. వీధిబడి పిల్లవాడికి వ్యాకరణం తప్ప మరేమీ లేదు. రెండు పక్షాల తగాదా పద్ధతి గురించి అనిపిస్తుంది గాని, అసలు తేడా వర్గాలది.

రెండు పక్షాలూ తలపెట్టని ప్రశ్న మరొకటుంది. ఈ సూత్రాలను ఏ భాషలోంచి అర్థం చేసుకుంటున్నాం? తెలుగువాడు ‘తను వస్తానన్నాడు’ అంటాడు. కర్త మూడో మనిషి, క్రియ మాత్రం ‘వస్తాను’ అని ఉత్తమపురుషలోనే ఉంటుంది. ఇంగ్లీషులో ఆ ‘నేను’ కాస్తా ‘అతను’ కావాలి, కాలం కూడా వెనక్కి జరగాలి. ఇక్కడ మన పిల్లలు తప్పితే అది తెలివితక్కువతనం కాదు, వాళ్ళ తెలుగు సవ్యంగా ఉందనడానికి సాక్ష్యం. ఆ సంగతి గైడు చెప్పదు. పైగా ఎదురుదెబ్బ మన వ్యాకరణానికే తగిలింది. చిన్నయసూరి బాలవ్యాకరణంలో సంధి, కారక, సమాస పరిచ్ఛేదాలుంటాయి. బడి పుస్తకాల్లో అయిదు భాషాభాగాల పట్టిక ఇంగ్లీషు అచ్చులోంచి దిగింది. ‘పిల్లిచేత ఎలుక చంపబడెను’ అని ఏ తెలుగింట్లోనూ ఎవరూ అనరు. ప్రశ్నపత్రాల్లో మాత్రం అది నిత్యం చంపబడుతూనే ఉంది.

డుంబ్రిగుడ మండలంలో మెట్లు రెండు కాదు, మూడు. కొండ గూడెంలో పిల్లవాడు ఇంట్లో కువి మాట్లాడతాడు, సంతలో ఆదివాసీ ఒరియా, బడిలో తెలుగు. ఇంగ్లీషు సూత్రం వాడికి ఆ తెలుగులోంచి రావాలి. తెలుగు బహువచనంలో మగవాళ్ళయినా ఆడవాళ్ళయినా ‘వాళ్ళు వచ్చారు’. కువిలో అలా కాదు. ఆడవాళ్ళ గుంపు మనుషులు కానివాటి వైపు చేరుతుంది. ఆదివాసీ ఒరియాలో క్రియకు ఆడ, మగ భేదమే లేదు. ఇంగ్లీషు ఒకే సర్వనామంలో మనుషుల్నీ చెట్లనూ కలిపేస్తుంది. ‘మేము’, ‘మనం’ తేడా మాత్రం కువికీ తెలుగుకూ సొంతం. ఇంగ్లీషుకు ఆ తేడా తెలియదు. ఇంత సామగ్రి పిల్లవాడి నోట్లో ఉండగా గైడు వాణ్ణి ఖాళీ పలకగానే చూస్తుంది.

ఈ భాషలకు వ్యాకరణాలు లేవా? ఉన్నాయి. గిడుగు రామమూర్తి సవరల మధ్య తిరిగి భాష నేర్చుకుని, సొంత ఖర్చుతో వాళ్ళకు బడులు పెట్టాడు. ఆయన సవర వ్యాకరణాన్ని మద్రాసు ప్రభుత్వం 1931లో అచ్చువేసింది. అరకు ప్రాంతంలో సేకరించిన సామగ్రితో భద్రిరాజు కృష్ణమూర్తి రాసిన కొండ భాష వ్యాకరణం 1969లో హైదరాబాదులో వెలువడింది. రెండూ మేలైన పనులే. రెండూ ఇంగ్లీషులోనే ఉన్నాయి. రెన్ అండ్ మార్టిన్ చదవగలిగితే తప్ప తన భాష వ్యాకరణాన్ని ఆదివాసీ యువకుడు చదవలేడు! గిడుగు వాచకాల దారి చాలాకాలం పాడుబడే ఉంది. 2000 తర్వాతి తొలి ఏళ్ళలో కువి, కొండ, సవర, ఆదివాసీ ఒరియా వంటి ఎనిమిది భాషల్లో ప్రాథమిక వాచకాలు వేసినప్పుడు మళ్ళీ కదిలింది. అదీ కొద్ది బడులకే, కింది తరగతులకే.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 నవంబరులో బడులన్నిటినీ ఇంగ్లీషు మాధ్యమానికి మార్చుతూ ఉత్తర్వులిచ్చింది. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు వాటిని కొట్టివేసింది. తర్వాత తల్లిదండ్రుల ఐచ్ఛికాలు సేకరించి, అత్యధికులు ఇంగ్లీషే కోరారని ప్రభుత్వం ప్రకటించింది. ఆ కోరికను నేను శంకించను. గైడు కొన్న గుమాస్తా కోరికా అదే. కాని ఆ హైకోర్టు తీర్పు వచ్చిన వారానికే, ఏప్రిల్ 22న, మరో తీర్పు వచ్చింది. షెడ్యూల్డు ప్రాంతాల్లో ఉపాధ్యాయ ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి మూడో నంబరు జీవోను సుప్రీంకోర్టు రద్దుచేసింది. మాధ్యమం గురించి పత్రికలనిండా చర్చ నడిచింది. ‘వాళ్ళు’ అన్న మాటకు కువిలో రెండు రూపాలున్నాయని తెలిసిన పంతులు ఇకమీద గూడెం బడిలో ఉంటాడా అన్న చర్చ ఏజెన్సీ దాటి కిందికి దిగలేదు.