మూడు నెలలు దాటే దాకా

మన ఇళ్లలో ఎవరికైనా హమల్ నిలిచిందని తెలిస్తే నానీలు, దాదీలు ముందు చెప్పే మాట ఒకటే: "తీన్ మహీనే హోనే దేవ్, ఫిర్ బోల్నా." నజర్ తగులుతుందన్న ఖౌఫ్ అందులో ఉంది, కాదనను. కానీ ఈ మూడు నెలల హద్దుకి తిబ్‌లో పెద్ద తారీఖే ఉంది.

యూనాన్ హకీం బుక్రాత్ పేరు మీద ఉన్న వైద్య సూత్రాల కితాబుని 9వ శతాబ్దంలో బగ్దాద్‌లో హునైన్ ఇబ్న్ ఇస్హాఖ్ అరబీలోకి తర్జుమా చేశాడు. హునైన్ ఈసాయీ, అబ్బాసీ ఖలీఫాల జమానాలో ఇల్మ్‌కి మజహబ్ అడ్డు రాలేదు. అందులో గర్భిణికి ముస్‌హిల్, అంటే విరేచనాల మందు, తప్పనిసరైతే నాలుగో నెల నుంచి ఏడో నెల లోపే ఇవ్వమనీ, మరీ లేత పిండం విషయంలో ఎహతియాత్ పాటించమనీ ఉంది. 10వ శతాబ్దంలో ఖుర్తుబాలో అరీబ్ ఇబ్న్ సఅద్ అయితే పిండం పెరుగుదల, గర్భిణుల, పసిపిల్లల సంరక్షణ మీదే ఒక కితాబ్ రాశాడు.

ఆ ఎహతియాత్‌ని మరిచిపోతే ఏమవుతుందో 20వ శతాబ్దం చూసింది. 1957లో పశ్చిమ జర్మనీలో థాలిడొమైడ్ అనే మందు అమ్మకానికొచ్చింది. నిద్రకు మంచిదన్నారు, వేవిళ్లకూ వాడారు. 1961 నవంబరులో అక్కడ దాన్ని ఆపేసేసరికే చాలా దేశాల్లో వేల మంది పిల్లలు చేతులు, కాళ్లు సరిగా ఏర్పడక పుట్టారు. హమల్ నిలిచిన మూడో వారం నుంచి అయిదో వారం దాకా ఆ మందు ఎక్కువ నుఖ్సాన్ చేసింది. తనకు హమల్ ఉందని ఆ తల్లికే యకీన్‌గా తెలియని రోజులవి! అమెరికాలో మాత్రం ఫ్రాన్సెస్ కెల్సీ అనే మహిళా అధికారి సబూత్ చూపమంటూ దానికి ఇజాజత్ ఇవ్వలేదు.

లోపల ఏం జరుగుతోందో కళ్లతో చూడటం 1958లో గ్లాస్గో డాక్టర్ ఇయాన్ డొనాల్డ్ బృందం అల్ట్రాసౌండ్ తస్వీర్‌లు ప్రచురించాకే మొదలైంది. 1992లో లండన్‌లో నికొలైడిస్ బృందం పిండం మెడ వెనక నీటి మందాన్ని కొలిచి డౌన్ సిండ్రోమ్ లాంటి వాటిని అంచనా వేయొచ్చని చూపింది. 11 నుంచి 14 వారాల మధ్య చేసే స్కాన్ అదే. అందులో లడ్కానా లడ్కీనా అని అడిగే సాసులూ ఉన్నారు. అది చెప్పడం 1994 చట్టం ప్రకారం జుర్మ్.

12 వారాలు నిండేసరికి అవయవాలన్నీ ఒక రూపానికి వస్తాయి. మాయ తన పని అందుకుంటుంది. చాలామందికి వేవిళ్లు తగ్గుముఖం పడతాయి, అలసట కాస్త దిగుతుంది. హమల్ పడిపోయే ఖత్రా కూడా అప్పటికి చాలా తగ్గుతుంది. నానీల మాటలో నిజం అక్కడే ఉంది.

అయితే మొహల్లాకి దాచే మాటని డాక్టర్‌కీ దాస్తున్నారు, నా బాధ అదే. ఫోలిక్ యాసిడ్ ఈ మూడు నెలల్లోనే పడాలి. షుగరు, బీపీ, థైరాయిడ్ ఉన్నాయేమో ఇప్పుడే తెలియాలి. పేరు నమోదు 12 వారాల్లోపే జరగాలి. రక్తం కనిపిస్తే, కడుపులో తీవ్రమైన నొప్పి వస్తే అదే రోజు దవాఖానాకి వెళ్లాలి.

ఇంకో మాట. ఈ నెలల్లో పోయే హమళ్లలో చాలావాటికి కారణం క్రోమోజోముల్లోని తేడా. బిందె ఎత్తిందనో, మెట్లెక్కిందనో బహూ మీద ఇల్జామ్ వేస్తారు. అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు కనుక ఆ పిల్ల తన గమ్ కూడా ఎవరితోనూ చెప్పుకోలేక, మర్నాడే చూల్హా ముందు నిలబడుతుంది.