మిస్ షెఫాలీ: కోల్‌కతా చూసింది, కానీ లెక్కలోకి తీసుకోలేదు

బెంగాలీలో షెఫాలీ అంటే పారిజాతం. సాయంత్రం విచ్చుకుని, తెల్లవారేసరికి రాలిపోయే పువ్వు. 1960లు, 70ల్లో కోల్‌కతా రాత్రి జీవితాన్ని ఏలిన క్యాబరే నర్తకికి ఆ పేరు పెట్టింది తల్లిదండ్రులు కాదు, ఆమెకు తొలి ఉద్యోగమిచ్చిన హోటల్. ఆమె అసలు పేరు ఆరతి దాస్. 2020 ఫిబ్రవరి 6న కోల్‌కతా శివారులోని సోదేపూర్‌లో కన్నుమూసే నాటికి జనానికి గుర్తున్నది మాత్రం మిస్ షెఫాలీయే.

శరణార్థి కుటుంబం నుంచి

ఆరతి పుట్టింది నేడు బంగ్లాదేశ్‌లో ఉన్న నారాయణ్‌గంజ్‌లో. దేశ విభజన తర్వాత లక్షలాది హిందూ కుటుంబాల్లాగే ఆమె కుటుంబం కూడా ఉన్నదంతా వదులుకుని కోల్‌కతా చేరింది. ఉత్తర కోల్‌కతాలోని అహిరీతోలాలో తలదాచుకుంది. ఇల్లు గడవని పరిస్థితుల్లో ఆరతి చిన్న వయసులోనే ఒక ఆంగ్లో-ఇండియన్ కుటుంబంలో పనిపిల్లగా చేరింది.

ఆ ఇంట్లో తరచూ పార్టీలు జరిగేవి. పాశ్చాత్య సంగీతం మోగేది, జంటలు నాట్యం చేసేవి. చాటు నుంచి చూస్తూ ఆమె ఆ అడుగులు నేర్చుకుంది. అక్కడికి వచ్చేవారి పరిచయంతోనే చౌరంగీలోని ఫిర్పోస్‌లో నర్తకిగా అవకాశం దొరికింది. ఇటలీకి చెందిన ఏంజెలో ఫిర్పో నెలకొల్పిన ఆ రెస్టారెంటు బ్రిటిష్ కాలం నుంచీ నగరంలోని సంపన్నుల అడ్డా. అందులో చేరేటప్పటికి ఆమె ఇంకా యుక్తవయసు రాని పిల్ల. నెల జీతం 700 రూపాయలని ఆమె తర్వాత చెప్పుకున్నారు. ఇళ్లలో పనిచేసే పిల్ల కలలో కూడా ఊహించలేని మొత్తమది.

క్యాన్‌క్యాన్, చార్ల్‌స్టన్, ట్విస్ట్, హవాయి హులా, బెల్లీ డాన్స్... ఇవన్నీ ఆమె వేదికపై చేసేవారు. అప్పటిదాకా ఈ రంగంలో ఎక్కువగా ఆంగ్లో-ఇండియన్, విదేశీ నర్తకులే ఉండేవారు. బెంగాలీ ఇంటి ఆడపిల్ల ఆ వేదిక ఎక్కడం ఒక సంచలనం. ఫిర్పోస్ తర్వాత గ్రాండ్ హోటల్‌లోనూ ఆమె ప్రదర్శనలిచ్చారు. ‘క్యాబరే రాణి’ అన్న బిరుదు స్థిరపడింది. తల్లిదండ్రులను, తోబుట్టువులను పోషించింది ఆ సంపాదనే.

రాయ్ సినిమాల్లో

సత్యజిత్ రాయ్ ఆమెను రెండు సినిమాల్లో నటింపజేశారు. ‘ప్రతిద్వంద్వి’ (1970)లో నర్సుగా పనిచేస్తూ ఒళ్లు అమ్ముకునే మహిళ పాత్ర. ఉద్యోగం దొరకని కథానాయకుడిని స్నేహితుడు ఆమె గదికి తీసుకెళతాడు, అతను ఉండలేక బయటపడతాడు. ‘సీమాబద్ధ’ (1971)లో ఆమె క్యాబరే నర్తకిగానే కనిపిస్తారు. కంపెనీ అధికారి ఎదుగుదల కథలో నగరం ఆడంబరాన్ని చూపించే సన్నివేశమది.

ఆ పాత్రలు చిన్నవే. కానీ ఆ రోజుల్లో హోటల్ ప్రదర్శనలను చిత్రీకరించి భద్రపరిచే అలవాటు లేదు. వేల రాత్రుల నృత్యంలో ఈనాటి ప్రేక్షకుడికి మిగిలిందల్లా ఇలాంటి కొన్ని నిమిషాల సినిమా దృశ్యాలే.

హోటల్ నుంచి నాటకశాలకు

1970లు వచ్చేసరికి కోల్‌కతా మారిపోయింది. నక్సల్బరీ ఉద్యమం, పోలీసుల అణచివేత, మూతపడుతున్న కర్మాగారాలు, తరలిపోతున్న కంపెనీల మధ్య పార్క్ స్ట్రీట్, చౌరంగీల వెలుగు తగ్గింది. ఫిర్పోస్ మూతపడి దుకాణాల సముదాయంగా మారింది.

షెఫాలీ ఉత్తర కోల్‌కతా వ్యాపార నాటకశాలల వైపు మళ్లారు. శంకర్ నవల ‘చౌరంగీ’ ఆధారంగా విశ్వరూపా థియేటర్‌లో ఆడిన నాటకంలో ఆమె నటించారు. కథ ఒక పెద్ద హోటల్ చుట్టూ తిరుగుతుంది కాబట్టి క్యాబరేకు అందులో సహజంగానే చోటుంది. తర్వాత ‘సమ్రాట్ ఓ సుందరి’ వంటి నాటకాల్లోనూ కనిపించారు. హోటల్ గడప తొక్కలేని మధ్యతరగతి ప్రేక్షకుడు టికెట్ కొని ఆమె నృత్యం చూడగలిగింది ఇక్కడే.

వివాదం మొదలైందీ ఇక్కడే. సంపన్నులు తలుపులు మూసుకుని చూసినంత కాలం క్యాబరే వినోదం. సామాన్యుడి నాటకశాలకు రాగానే అది అశ్లీలం, ‘అపసంస్కృతి’ అయింది. 1977లో వామపక్ష కూటమి అధికారంలోకి వచ్చాక ఈ మాట మరింత గట్టిగా వినిపించింది. 1983లో మంత్రి జతిన్ చక్రవర్తి ఇదే కారణం చూపి గాయని ఉషా ఉతుప్‌కు ప్రభుత్వ సభామందిరాలు నిరాకరించారు. ఆమె కోర్టుకెక్కి గెలిచారు. మైకు పట్టుకున్న గాయనికి ఆ అవకాశం ఉంది. ఒంటితో నాట్యం చేసి బతికే క్యాబరే కళాకారిణి పక్షాన నిలబడటానికి పెద్దగా ఎవరూ ముందుకు రాలేదు.

తెలుగు పాఠకుడికి తెలిసిన కథే

ఈ ద్వంద్వ నీతి బెంగాల్‌కే ప్రత్యేకం కాదు. జ్యోతిలక్ష్మి, జయమాలినిల క్లబ్ డాన్సులు లేకుండా ఒకప్పుడు తెలుగు సినిమా అమ్ముడుపోయేది కాదు. ఏలూరు ప్రాంతానికి చెందిన విజయలక్ష్మి సిల్క్ స్మితగా దక్షిణాది అంతటా జనాన్ని థియేటర్లకు రప్పించారు. 1996 సెప్టెంబరు 23న మద్రాసులో ఆమె మరణించాక గానీ ఆమెను మంచి నటిగా చర్చించడం మొదలుకాలేదు.

2005లో మహారాష్ట్ర ప్రభుత్వం డాన్స్ బార్లను నిషేధించినప్పుడు ఉపాధి పోగొట్టుకున్నది నర్తకులే. 2013లో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని కొట్టివేస్తూ గుర్తించిన అంశాల్లో ఒకటి ఇదే: ధనవంతుల హోటళ్లలో ఆమోదయోగ్యమైన నృత్యం సామాన్యుల బార్లలో అనైతికం ఎలా అవుతుంది?

చివరి రోజులు

షెఫాలీ పెళ్లి చేసుకోలేదు. వయసు పైబడ్డాక అవకాశాలు ఆగిపోయాయి. హోటళ్లు ఆమెను కళాకారిణిగా ప్రచారం చేసుకున్నాయి, కానీ ఆ పనికి పింఛను లేదు, భవిష్యనిధి లేదు. శాస్త్రీయ నృత్యానికి దక్కే అకాడమీ గుర్తింపు క్యాబరేకు ఎన్నడూ దక్కలేదు. చివరి సంవత్సరాల్లో ఆర్థిక ఇబ్బందులు, అనారోగ్యం ఆమెను వెంటాడాయి.

‘సంధ్యా రాతేర్ షెఫాలీ’ పేరుతో వచ్చిన ఆత్మకథలో ఆమె తన జీవితాన్ని తన మాటల్లోనే చెప్పుకున్నారు. అంతకు ముందు ఆమె గురించి చెప్పింది పోస్టర్లు, వదంతులు, నీతి బోధలు మాత్రమే. చాలామంది క్యాబరే నర్తకులకు ఆ పుస్తకం రాసుకునే వీలు కూడా చిక్కలేదు. వారిలో ఎందరి అసలు పేర్లూ ఎక్కడా నమోదు కాలేదు.