పిచ్చుక కూలి

కోతలనాడు మంచి వరికంకులు ఏరి, కుచ్చుగా అల్లి, చూరుకో గుడి మండపానికో వేలాడగట్టడం మన పెద్దల ఆచారం. పల్నాడు పూర్వం జొన్నసీమ. 1967లో నాగార్జునసాగర్ కుడికాలువకు నీరు వదిలాక ఇక్కడా మాగాణి పెరిగింది. కుచ్చుకు కంకి సొంత చేలోనే దొరికింది.

ఇది ఉత్త దానమేనా? కాదండీ. పిచ్చుక గింజ తింటుంది, నిజమే. పిల్లలకు మాత్రం ఎక్కువగా పురుగులే ఏరి పెడుతుంది. చైనాలో 1958లో పిచ్చుకలను వెంటాడి చంపారు. పంటలమీద పురుగు పెచ్చుమీరింది. 1960లో ఆ పని మానుకున్నారు.

పెంకుటిళ్లు పోయి డాబాలు వచ్చాయి గదా, మరి గూటికి చోటేది? అంగుళంపావు కంత పెట్టిన చిన్న చెక్కపెట్టెను నీడపట్టున, పిల్లికి అందని ఎత్తున బిగించండి. పక్కనే కుచ్చు కట్టండి. ఆ నాలుగు కంకులూ పిచ్చుకకు మనమిచ్చే కూలి!