అయస్కాంతంతో కుంగుబాటుకు చికిత్స

1938లో రోములో చెర్లెట్టి, బీనీలు మనోరోగి తలకు విద్యుత్తు పెట్టి మూర్ఛ తెప్పించారు. ఆ చికిత్స నేటికీ బలమైనదే. కాని మత్తు ఇవ్వనిదే చేయరాదు. కపాలం విద్యుత్తును అడ్డుకుంటుంది, అయస్కాంత క్షేత్రాన్ని అడ్డుకోదు. ఫారడే 1831లో కనుగొన్న ప్రేరణ సూత్రంతో 1985లో షెఫీల్డులో ఆంథొనీ బార్కర్ బృందం నెత్తిపై తీగచుట్ట ఉంచి మెదడును ప్రేరేపించింది. చేతి కండరాలు కదిలాయి. 2008లో అమెరికా, మందులకు లొంగని కుంగుబాటుకు ఈ పద్ధతిని అనుమతించింది. దీనికి మత్తూ వద్దు, మూర్ఛా వద్దు.

బెంగళూరు నిమ్హాన్స్‌లో ఈ వైద్యం ఉంది. అయితే వారానికి ఐదేసి రోజుల చొప్పున నాలుగు నుండి ఆరు వారాలు వెళ్ళాలి. కర్ణాటక సరిహద్దున ఉన్న హాలహర్విలో, మంచం దిగడానికే ఓపిక లేని రైతు అన్నాళ్ళు నగరంలో ఎలా ఉండగలడు? సూత్రం యంత్రం కావడానికి 154 ఏళ్ళు పట్టింది. ఆ యంత్రం అతని దరికి చేరడానికి ఎన్నేళ్ళో!