పాత బయాజులు – మన వంటల చరిత్ర

చరిత్ర అనగానే మనకు కోటలు, యుద్ధాలు, నవాబుల పేర్లు గుర్తుకొస్తాయి. కాని చరిత్రకు మరొక చోటు కూడా ఉంది. అది మన వంటిల్లు. మన పాత కుటుంబాలలో ‘బయాజ్’ అని ఒక చేతిరాత పుస్తకం ఉండేది. అందులో ఒక పుటలో గజల్, మరొక పుటలో దగ్గుకు మందు, ఆ తరువాత దాల్చా వండే పద్ధతి ఉండేవి. మా దాదీ బయాజ్ అటువంటిదే. మా తాతగారు అనంతగిరి సంతల నుంచి చింతపండు, పసుపు, అల్లం కొని శృంగవరపుకోటకు దించే వ్యాపారం చేసేవారు. అందుచేత ఆ పుస్తకంలో కొండ సరుకు వాసన ఎక్కువ.

ముందుగా మన ప్రాంతపు చరిత్ర కొంచెం చెప్పుకోవాలి. ఉత్తరాంధ్ర ముస్లిముల వంట అంతా హైదరాబాదు నుంచి వచ్చిందే అని చాలామంది అనుకుంటారు. అది పూర్తిగా సరి కాదు. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలోనే శ్రీకాకుళం ఫౌజుదారు కేంద్రంగా ఉండేది. అక్కడి జామియా మసీదును షేర్ మహమ్మద్ ఖాన్ 1641లో కట్టించారు. అప్పటికి అసఫ్‌జాహీల పాలన ఇంకా మొదలే కాలేదు. తరువాత ఆర్కాటు నవాబు అయిన అన్వరుద్దీన్ ఖాన్ కూడా అంతకు ముందు శ్రీకాకుళం ఫౌజుదారుగా పనిచేసినవారే. 1753లో సలాబత్ జంగ్ ఈ సర్కారులను ఫ్రెంచివారికి ఇచ్చారు. 1765లో షా ఆలం ఫర్మానాతోను, 1766లో నిజాముతో జరిగిన ఒప్పందంతోను ఇవి ఇంగ్లీషువారి చేతికి పోయాయి. ఇందరు పాలకులు మారినా పొయ్యి మాత్రం ఆరలేదు.

ఒక వంట వయసు ఎలా తెలుస్తుంది? పుస్తకం వయసు వేరు, అందులోని వంట వయసు వేరు. దీనికి మూడు సాక్ష్యాలున్నాయి.

మొదటిది దినుసులు. మిరపకాయ మన దేశపుది కాదు. పోర్చుగీసువారి ఓడలతో 16వ శతాబ్దంలో అమెరికా ఖండం నుంచి వచ్చింది. అక్బరు కాలంలో అబుల్ ఫజల్ రాసిన ఆయినె అక్బరీలో ఖిచిడీ, హరీసా వంటి వంటకాలకు తూకాలతో సహా దినుసులున్నాయి గాని మిరపకాయ లేదు. టమాటా మన వంటింటికి రావడం ఇంకా ఆలస్యం. కనుక ఏ వంటకంలోనైనా కారానికి మిరియాలు, పిప్పళ్ళు, పులుపుకు చింతపండు మాత్రమే ఉన్నాయంటే, ఆ పద్ధతి వేరు పాతది అని ఊహించడానికి ఆధారం దొరికినట్లే. విశాఖ మన్యంలో పిప్పళ్ళు పండుతాయి. మా దాదీ యఖ్నీలో మిరపకాయ లేదు. నాలుగు పిప్పళ్ళు, కొండ అల్లం ఉన్నాయి.

రెండవది పేర్లు. పలావు, యఖ్నీ పారసీ మాటలు. షీర్ అంటే పాలు, ఖుర్మా అంటే ఖర్జూరం. షీర్ ఖుర్మా అయింది. హరీసా అరబ్బీ మాట, దంచడం అని అర్థం. మన్యం అంచున ఉన్న మాడుగులలో గోధుమ పాలతో చేసే హల్వా పేరు చూడండి, అదీ అరబ్బీ మాటే! మాటలు సముద్రాలు దాటి, కొండ మొదట్లో కాపురం పెట్టాయి.

మూడవది కొలతలు. ఇక్కడే అసలు చిక్కు. బయాజ్‌లో దాల్చాకు మాంసం ఒక సేరు, శనగపప్పు పావు సేరు, చింతపండు ఒకటిన్నర పలం, ఆనపకాయ ముక్కలు అని రాసి ఉంది. ఏ సేరు? పక్కా సేరు 80 తులాలు, అంటే సుమారు 933 గ్రాములు. మన మద్రాసు లెక్కలో సేరు 24 తులాలే, సుమారు 280 గ్రాములు. పలం 3 తులాలు, 35 గ్రాములు. కాబట్టి చింతపండు 52 గ్రాములు. 280 గ్రాముల మాంసానికి అంత చింతపండు పోస్తే నోట పెట్టలేము. 933 గ్రాములకైతే సరిగ్గా సరిపోతుంది. అంటే ఇది పక్కా సేరే. ఒకే వాక్యంలో పక్కా సేరు, దక్షిణాది పలం పక్కపక్కన కూర్చున్నాయి. ఇంతకంటె మంచి చరిత్ర పాఠం పిల్లలకు ఎక్కడ దొరుకుతుంది? మెట్రిక్ తూకాలు 1958 నుంచి అమలులోకి వచ్చాయి. సేరు, పలం వాడి వండిన చివరి తరం మన కళ్ళ ముందే వెళ్ళిపోతోంది.

అనంతగిరి మీదుగా 1960లలో కొత్తవలస–కిరండోల్ రైలు మార్గం వేశారు. ఇప్పుడు కొండ పైకి అన్ని సరుకులూ పట్నం నుంచే వస్తున్నాయి. పొట్లాల మసాలా వచ్చాక పిప్పలి వాడేవారు తగ్గారు. కొండ మీద గిరిజన సోదరులు మాంసాన్ని వెదురు బొంగులో పెట్టి, ఆకుతో మూతి బిగించి కాల్చి వండుతారు. మనవాళ్ళు దేగిశా మూతకు పిండి అంటించి దమ్ చేస్తారు. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారని కాదు నా మాట. ఆవిరిని బయటికి పోనీయరాదన్న తెలివి ఇద్దరిదీ. వాళ్ళ వంటలు కూడా రాసి ఉంచవలసినవే.

అయితే మన బయాజులకు పెద్ద అపాయం చెదపురుగులు కావు. మన పిల్లలకు ఉర్దూ లిపి రాకపోవడం. ఇరవై ఏళ్ళుగా ఉర్దూ చెబుతున్నాను. ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు, చదవమంటే చూపు దించుకుంటారు. చదవలేని పుస్తకాన్ని పాత కాగితాలవాడికి ఇవ్వడం ఎంత సేపు?

కాబట్టి నా మనవి ఇది. ప్రతి ఇంట్లో నానీ, దాదీ, ఖాలా బతికి ఉండగానే పక్కన కూర్చోండి. వాళ్ళు ‘అందాజ్’ అంటూ గుప్పెటతో వేసే ఉప్పును ఒకసారి తక్కెడలో తూయండి. ఏ సేరు, ఏ సోల అని అడగండి. ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఏ ఊరి నుంచి కోడలుగా వచ్చారో రాయండి. ఉర్దూలోనూ రాయండి, తెలుగులోనూ రాయండి. వంట ఒకరోజు కడుపు నింపుతుంది. రాసి పెట్టిన వంట మనం ఎక్కడి నుంచి వచ్చామో మనుమలకు చెబుతుంది.