మడపొల్లం బట్ట నుండి నీటిలోని ప్లాస్మా వరకు

నరసాపురం చెంతనున్న మాధవాయపాలెం పేరు ఒకనాడు ఐరోపా అంగళ్లకెక్కింది. 17వ శతాబ్దంలో ఆంగ్ల ఈస్టిండియా కంపెనీ అక్కడ వర్తకస్థానం నెలకొల్పింది. ఆ ఊరి పేరే వికృతి చెంది ఒక రకం నూలుబట్టకు 'మడపొల్లం' అన్న పేరుగా స్థిరపడింది.

మగ్గం దిగిన ముడి బట్ట నీటిని వెంటనే పీల్చుకోదు. పత్తినారపై సన్నని మైనపు పొర ఉంటుంది. చౌడు, సున్నం వంటి క్షారాలతో ఉడికించి దానిని తొలగిస్తేనే బట్ట తెల్లబడుతుంది, రంగు పడుతుంది. పత్తినార కూడా ఒక పాలిమరే. నార బలం చెడకుండా పైపొరను మాత్రమే మార్చే విద్య మన రజకులకు, అద్దకందారులకు తరతరాలుగా తెలుసు.

అదే సమస్య వైద్యంలో ప్లాస్టిక్ రూపాన ఎదురయింది. 1949లో లండనులో హెరాల్డ్ రిడ్లీ శుక్లం తీసిన కంటిలో అక్రిలిక్ కటకం అమర్చాడు. అటుపై గొట్టాలు, కవాటాలు, కృత్రిమ నాళాలు శరీరంలోకి ప్రవేశించాయి. శరీరానికి తగిలేది వాటి పైపొరే. సూక్ష్మజీవులు అంటుకొనేదీ, రక్తం గడ్డకట్టనారంభించేదీ అక్కడే.

పైపొరను మార్చే సాధనాలలో ప్లాస్మా ఒకటి. ఇది రక్తంలోని ప్లాస్మా కాదు. అయనీకరణం చెందిన వాయువు. 1928లో లాంగ్‌మ్యూర్ దానికి ఆ పేరు పెట్టాడు. రక్తపు ప్లాస్మాయే ఆయనకు స్ఫూర్తి అని ఒక సహచరుడు తరువాత రాశాడు. అంతకు ముందే, 1887లో, గుబ్కిన్ ద్రావణం మీద విద్యుత్ మెరుపును ప్రయోగించి లోహ లవణాల నుండి లోహాన్ని రాబట్టాడు. 1950లలో లివర్‌పూల్‌లో హిక్లింగ్ ఈ మార్గాన్ని విస్తరించాడు.

నీటిలో అధిక వోల్టేజి ప్రయోగిస్తే బుడగలలో మెరుపు పుడుతుంది. నీటి అణువులు విరిగి హైడ్రాక్సిల్ శకలాలు ఏర్పడతాయి. అవి ప్లాస్టిక్ ఉపరితలంపై చర్య జరిపి, నీటిని వికర్షించే పొరను నీటికి మచ్చికయ్యేలా చేస్తాయి. శూన్యపు గది అవసరం లేదు. అయితే కొన్ని ప్లాస్టిక్కులలో ఈ మార్పు కాలక్రమేణా తరిగిపోతుంది. వైద్యంలో ఇది ఇంకా ఎక్కువగా ప్రయోగశాలలకే పరిమితం. వాయువులో చేసే ప్లాస్మా చికిత్స మాత్రం 1999లో వచ్చిన సిలికాన్ హైడ్రోజెల్ కాంటాక్ట్ లెన్సులలో వాడుకకెక్కింది.

ఇంత శ్రమతో తీర్చిన ఉపరితలాన్ని మనం పాడుచేసుకోరాదు. కాంటాక్ట్ లెన్సులను కుళాయి నీటితో కడగవద్దు. ఒక్కసారి వాడవలసిన మూత్రపు గొట్టాలను ఉడికించి మళ్లీ వాడవద్దు. గీతపడిన పైపొర కంటికి కనబడకపోవచ్చు. సూక్ష్మజీవికి అది చక్కని ఆశ్రయం.